జెసింత ఎంచుకున్న పుస్తకాన్ని నేను

నేను ఒక ప్రార్థన పుస్తకాన్ని. అల్లాటప్పా పుస్తకాన్ని కాను, మేత్రాణులవారి అనుమతి పొందినదాన్ని. మేత్రాణులంటే కతోలిక పీఠాధిపతులు. నన్ను అచ్చు వేయడానికి పట్టిన కాలం కన్నా, వేయవచ్చని వారు చెప్పడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఒక్కో కీర్తన దగ్గరా ఆగి ఈ మాట ఉండాలా, ఆ మాట ఉండాలా అని ఫాదర్లు వాదించుకున్నారు. చివరికి విసుగొచ్చి ఒప్పుకున్నారేమోనని నాకిప్పటికీ అనుమానమే. ఏమైతేనేం, గోధుమరంగు అట్టతో, పేజీ గుర్తుకు రంగురంగుల రిబ్బన్లతో బయటపడ్డాను.

పల్నాడులో మిరపచేల నడుమ ఉన్న ఒక కన్యస్త్రీల మఠానికి చేరాను. మొదట నన్ను తీసుకున్నది హాస్టలు చూసుకునే ఫిలోమిన సిస్టర్. పొద్దున్నే నన్ను భక్తిగా కళ్ళకద్దుకునేవారు, మధ్యాహ్నం ఉక్కపోతకు నాతోనే విసురుకునేవారు. కిటికీ రెక్క కొట్టుకుంటుంటే అడ్డం పెట్టేదీ నన్నే. ఆమె బదిలీ మీద వెళ్తూ నన్ను బీరువాలో ఉంచారు. అక్కడే ఉన్న ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం పక్కన కొన్నాళ్ళు ఒదిగి కూర్చున్నాను. అదీ అనుమతి పొందినదే, కానీ నాతో మాట్లాడేది కాదు.

అప్పుడొచ్చింది జెసింత. అప్పటికింకా నేర్చుకుంటున్న పిల్ల, ఆ ఏడు మాటపట్టు ఇవ్వాలి. మాటపట్టు అంటే కన్యస్త్రీగా బతుకుతానని దేవుడికిచ్చే మాట. ఆ మాటలో రోజూ పొద్దునా సాయంత్రమూ అనుమతి ఉన్న పుస్తకంతో ప్రార్థించడమూ ఒకటి. ఏ పుస్తకమో ముందుగా ఎంచుకుని, ఇలా నేర్చుకునే పిల్లలను చూసుకునే ఆరోగ్యమ్మ సిస్టర్‌కు చెప్పాలి. జెసింత దగ్గర అప్పటికే ఒకటుంది. మరియమాత తిరునాళ్ళలో వాళ్ళ నాన్న కొనిచ్చింది. ఎర్రని అట్ట, బంగారు అంచు, ఏ కష్టానికి ఏ ప్రార్థనో పేరు పెట్టి మరీ ఉంటాయి. అనుమతి మాత్రం లేదు. నిజం చెప్పాలంటే చూడ్డానికి నాకన్నా బాగుండేది. నాకు కుళ్ళుగానే ఉండేది. గుడిలో మాత్రం అందరూ నాలాంటి ప్రతులతోనే చదువుతారు కాబట్టి, అక్కడికి నన్నే బీరువాలోంచి తీసి ఆమెకిచ్చారు.

ఇంతలో జెసింత నాన్న జ్వరంతో పోయాడు. ఊరెళ్ళి, మట్టి చేసి తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున గుడిలో ఆమె వరుసలో ఆమె ఒక్కతే, ఎదుటి వరుసలో ఆరోగ్యమ్మ సిస్టరొక్కరే ఉన్నారు, తక్కినవాళ్ళు వైద్య శిబిరానికి వెళ్ళారు. మా ప్రార్థన రెండు వరుసలుగా సాగుతుంది. ఒక వరుస ఒక చరణం చదివితే, ఎదుటి వరుస తర్వాతి చరణం అందుకుంటుంది. ఆ రోజు వంతుకొచ్చిన కీర్తన చప్పట్లు కొట్టి సంతోషించమనేది. నేనేం చేయను, ఆ పూటకు అదే రాసి ఉంది. జెసింత ఒక చరణం చదివి, నన్ను మూసేసింది.

కాసేపు చూసి, ఎదుటి వరుసలోంచి ఆరోగ్యమ్మ సిస్టర్ జెసింత చరణం చదివారు. తర్వాత తన చరణం చదివారు. అలా రెండు వంతులూ తానే చివరిదాకా చదివారు.

తర్వాత వంటగదిలో జెసింత చింతపండు పిక్కలు తీస్తూ, ఈ పుస్తకంతో మాటపట్టు ఇవ్వలేనంది. తన పుస్తకం ఒప్పుకోకపోతే ఇంటికెళ్ళిపోతానంది.

“నాన్న పోతే చప్పట్లు కొట్టమంటది సిస్టర్ ఇది. నాదైతే నా ఏడుపు నన్ను ఏడవనిస్తది.”

ఆరోగ్యమ్మ సిస్టర్ కోప్పడలేదు. ఎదురుగా కూర్చుని తానూ పిక్కలు తీయడం మొదలుపెట్టారు.

“మీ నాన్నిచ్చింది పారెయ్యమన్నానా? దాంతో ఆయన కోసం కడుపారా ఏడువు. కానీ గుళ్ళో నువ్వొక్కదానివే కాదుగా. ఇయ్యాళ నీ నోరు పెగల్లేదు, నేను అందుకున్నా. నీ చేతిలో ఆ ఎర్ర పుస్తకముంటే ఎక్కణ్ణుంచి అందుకునేదాన్నమ్మా?”

జెసింత చాలాసేపు ఏడ్చింది. ఆ సాయంత్రం గుడికి వచ్చి, తన చోట కూర్చుని నన్ను తెరిచింది. గొంతు బొంగురుగా ఉంది, అయినా తన వంతు తాను చదివింది. మాటపట్టు రోజు పీఠం ముందు ఆమె చేతిలో ఉన్నది నేనే. అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

ఆ తర్వాత నా బతుకంతా ఆమె చేతుల్లోనే గడిచింది. ఆస్పత్రి డ్యూటీలకు, బస్సు ప్రయాణాలకు నన్ను సంచిలో వేసుకుని తిరిగింది. నా అట్ట ఊడితే పిండితో అంటించింది. ఆరోగ్యమ్మ సిస్టర్ కన్నుమూసిన పొద్దున కూడా నన్ను చదివింది.

పోయిన ఏడాది కొత్త ముద్రణ వచ్చింది. కీర్తనల్లో మాటలు మారాయి, మేత్రాణులవారి అనుమతీ వచ్చింది, మఠంలో అందరూ అదే పట్టుకున్నారు. మీకు పాతది నోటికొచ్చుగా, అదే ఉంచుకోండని చిన్న సిస్టర్లు జెసింతతో అన్నారు. ఆమెకిప్పుడు కళ్ళద్దాలు, నడకలో నెమ్మది. నన్ను చేతిలోకి తీసుకుని, అట్ట నిమిరి, బీరువాలో పెట్టింది. కొత్తదాన్ని పట్టుకుని గుడిలోకి వెళ్ళింది.

ముందు నా మనసు చివుక్కుమంది. ఆ మాట దాచడమెందుకు? ఆ తర్వాత గుడిలోంచి రెండు వరుసల గొంతులూ వినిపించాయి. ఆమె గొంతు కొత్త మాటల దగ్గర తడబడుతోంది, మళ్ళీ కలుస్తోంది. నా మీద ప్రేమతో నన్నే పట్టుకుని ఉంటే, అంతమందిలో ఆమె ఒంటరిగా నిలబడేది. నన్ను ఎంచుకున్నందుకు ఇన్నేళ్ళూ ఆమెకు రుణపడి ఉన్నాను. నన్ను వదిలినందుకు ఇప్పుడింకా రుణపడ్డాను.