టీ తాగాకే సూది

మా కుట్టుకొట్టులో కాజాలు కుట్టడంలో నా పెద్దకోడలిని మించినవాళ్లు లేరు. అదే వచ్చిన చిక్కు. ఎలాగూ తనదే పైచేయి అని ఆమె కబుర్లాడుతూ కుట్టేది. ఎలాగూ ఆమెను అందుకోలేనని చిన్నకోడలు ఆవలిస్తూ కుట్టేది. నాకు ఒళ్లు మండింది.

"ఇవాళ్టినుంచి మీ ఇద్దరికీ పందెం. ఓడినవాళ్లు కొట్టు ఊడవాలి," అన్నాను. "అమ్మా పెద్దకోడలా, నువ్వు మాత్రం గ్లాసుడు టీ తాగాకే సూది పట్టాలి. చిన్నది నీకు టీ ఇచ్చేసి, వెంటనే మొదలుపెట్టేస్తుంది."

"ఇదెక్కడి న్యాయం అత్తయ్యా!" అని పెద్దది మూతి ముడుచుకుంది.

ఆ రోజు చిన్నది ఒక్క చొక్కా తేడాతో నెగ్గింది. చీపురు పట్టిన పెద్దది మర్నాడు రెచ్చిపోయి కుట్టింది. ఇక కబుర్లూ లేవు, ఆవలింతలూ లేవు. అరలో పేరుకున్న చొక్కాలన్నీ చకచకా తరిగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇవాళ వంటగదిలోకి తొంగిచూస్తే, చిన్నకోడలు కాచిన టీనే మళ్లీ పొగలు కక్కేలా మరిగిస్తోంది.

"అక్కకి వేడివేడిగా ఇద్దామని, అత్తయ్యా!"

కొట్లోకి వచ్చి చూస్తే, పెద్దకోడలు ఆ గ్లాసు దించి టీ చల్లార్చడానికి గిన్నెనిండా చన్నీళ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నాళ్లూ ఈ బుర్రలు ఎక్కడ దాచారే!" అన్నాను.