కాలర్ లోపలి పేరు

మూడు చొక్కాలు, రెండు లుంగీలు, టోపీ, జపానికి తస్బీ దండ సంచిలో సర్దాను. చొక్కాలు మడిచే ముందు ఒక్కొక్క కాలర్ తిప్పి లోపల అచ్చయిన అక్షరాలు చదివాను: షుకూర్, రావల్కోల్. కింద మా ఫోన్ నెంబరు. మళ్ళీ చదివాను. చదువు నాకు నేనే నేర్చుకున్నది, ఒకసారితో నమ్మకం కుదరదు.

"ఎన్నిసార్లు జదువుతవ్ అమ్మీ? అక్షరాలు అరిగిపోతయ్," అంది నౌరీన్.

నౌరీన్ మా కూతురు. సుచిత్ర చౌరస్తాలో ప్రింటర్లు బాగుచేసే దుకాణంలో పని. వాళ్ళ అబ్బాకు మతిమరుపు ముదిరి, ఇల్లు దాటితే దారి తెలియడం లేదు. జేబులో చీటీ పెడితే తీసి పారేసేవారు. కాలర్‌కు గుడ్డముక్క కుడితే గోటితో గిల్లి పీకేసేవారు. ఇక చొక్కా మీదే అచ్చు వేస్తానంది నౌరీన్. మామూలు ప్రింటర్‌లో చొక్కా పట్టదు. అందుకని చౌక సిరా కాట్రిడ్జి ఒకటి తెచ్చి, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు తీగలతో కలిపి, రెండు కడ్డీల మీద జారేలా బిగించింది. కాట్రిడ్జి అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి. ఏది ఎప్పుడు సిరా చిమ్మాలో ఆ బోర్డు చెబుతుంది. మొదట్లో అన్నీ మరకలే. ఓ సాయంత్రం ఆయన పేరు నల్లగా, తప్పు లేకుండా వచ్చింది.

"ఇది నీళ్ల సిరా అమ్మీ, ఉతికితే పోతది. మళ్ల కొడుదాం. బట్టల సిరాకు ఆర్డర్ జెప్పిన, వచ్చే వారం వస్తది."

"అది వచ్చినంకనే పంపుదాం," అన్నాను. ఎవరు ఊరికి బయల్దేరినా నాకు గుండె దడ.

మరిది ఇర్షాద్ గడపలో నిలబడి నవ్వాడు. నా జ్వరం తగ్గేదాకా అన్నను శామీర్‌పేటలో తన ఇంట్లో ఉంచుకుంటానని ఆటో తెచ్చాడు.

"నాలుగు దినాలకు మూడు అంగీలు గట్టినవ్ భాభీ, ఇగ ఉతికేదేముంది? పరేషాన్ గాకు. నా అన్నను నేను తప్పిపోనిస్తనా?"

నౌరీన్ తండ్రి కాలర్ సరిచేసింది. "అబ్బా, తొవ్వ తప్పితే ఏం జెయ్యాలె?"

"కాలర్ జూపియ్యాలె," అన్నారాయన, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. "నువ్వెవరి బిడ్డవమ్మా?"

మర్నాడు జుమ్మా నమాజు విడిచాక, మసీదు ముందు ఇర్షాద్ చెప్పులు వెతుక్కునేంతలో ఆయన గుంపులో కలిసిపోయారు. పోలీసులకు చెప్పాం. గోడలకు మా నెంబరుతో ఫోటోలు అంటించాం. ఆదివారం సుచిత్ర దగ్గరి ఒక మసీదు నుంచి అజాన్ ఇచ్చే మౌజన్ ఫోన్ చేశాడు.

"పెద్దాయన శుక్రవారం సాయంత్రం అసర్‌కు వచ్చిండమ్మా. వుజూ జేసి నమాజు చదివిండు. ఏ ఊరు బాబా అంటే కాలర్ మలిపి జూపిచ్చిండు. నల్లగ అలికినట్టుంది, ఒక్క అక్షరం తెలుస్తలేదు. చాయ్ తెస్త కూసో అన్న. వచ్చేసరికి లేడు."

వుజూలో ముఖం, చేతులు కడిగాక తడి చేతులతో తల, మెడ వెనక తుడుచుకుంటారు. మా పేర్లు కూడా మరిచిన మనిషి అది మరవలేదు. ఉతకడం గురించి అంత మాట్లాడుకున్నాం. రోజూ వుజూ చేసే మాకెవరికీ ఇది తట్టలేదు. నౌరీన్ ఫోన్ పెట్టేసి, తన మెడ వెనక అరచెయ్యి ఆనించుకుని అలాగే కూర్చుంది.

సోమవారం బట్టల సిరా వచ్చింది. సీసా మూత ఎవరూ తీయలేదు.

మా ఆయన షుకూర్ ఇంటి నుంచి పోయింది 2024 ఆగస్టు 8, గురువారం. తిరిగి రాలేదు.