గేటు దగ్గర బ్యాండు

ఆదివారం భోజనాలయ్యాక ఆనందబాబు హాల్లో కర్టెన్లన్నీ మూసేశాడు. మెల్‌బోర్న్ వానలు తగ్గి మంచి ఎండ కాస్తున్న రోజున, క్రాన్‌బర్న్‌లో సొంత ఇల్లున్న పెద్దమనిషి చీకటి చేసుకుని కూర్చున్నాడంటే ఒకటే కారణం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ కామెడీ సినిమా. అతని బీరువా నిండా అలాంటి క్యాసెట్లే.

జైరామ్ సోఫా అంచున కూర్చున్నాడు. అతనికి సినిమా అక్కర్లేదు. కూతురి సంగతి తేలాలి.

శివాంగినికి పదిహేడేళ్లు. స్కూలు బ్యాండులో ట్రాంబోన్ అనే పెద్ద బాకా వాయిస్తుంది. ఇక్కడి ఆర్మీ బ్యాండు వాళ్ల ముందు వాయించి నెగ్గింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లితోపాటు తండ్రి కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి. గడువు రేపటితో సరి. వారం రోజులుగా జైరామ్ నోట ఒకటే మాట: కుదరదు. తల్లి రంజన బతిమాలి విసిగిపోయి, ఎలాగైనా ఒప్పించమని ఆనందబాబుకి ఫోన్ చేసి చెప్పి, తను నర్సింగ్ హోమ్‌లో డ్యూటీకి వెళ్లిపోయింది. ఆనందబాబు కాకినాడ మనిషి. చర్చిలోనూ బయటా నలుగురి తగువులు తీర్చడం తన బాధ్యత అనుకుంటాడు.

"జైరామ్‌గారూ, మీరు ఫిజీలో పుట్టారు కాబట్టి మీకు తెలీదు. మా కాకినాడలో మిలిటరీ క్యాంటీన్ కార్డున్నవాడికి ఎంత విలువో తెలుసా? వీధి వీధంతా వాడి చుట్టూ తిరుగుతుంది. సెంట్రల్ గవర్నమెంట్ జాబ్ అండీ. క్వార్టర్స్, పెన్షన్, యూనిఫాం ఫ్రీ."

"యూనిఫాం నేను చూశాను భయ్యా" అన్నాడు జైరామ్.

"ఎక్కడ చూశారు? ఇదిగో, ఇప్పుడు చూడండి. అరగంటలో మీ మనసు మారకపోతే నా పేరు ఆనందబాబే కాదు."

క్యాసెట్ తిరిగింది.

ఈ సినిమాల్లో యుద్ధం ఉండదు. యుద్ధానికి పోబోయే కుర్రాళ్లుంటారు. ఒకడికి కుడి ఎడమలు తెలియవు. ఒకడికి అమ్మ చేతి వంట గుర్తొస్తుంది. సార్జెంటు అరుస్తాడు, బురదలో పడతాడు. ఫిరంగి పేలితే సరిగ్గా కల్నల్ స్నానాలగది గోడ కూలుతుంది, ఆయన సబ్బు నురుగుతో బయటికొస్తాడు. ఎవడికీ గోరు కూడా ఊడదు. కథ నీరసించిన చోటల్లా స్వింగ్ బ్యాండు దిగుతుంది. బాకాలు, డ్రమ్ములు, టోపీ పక్కకి వంచుకుని గిర్రున తిరిగే అమ్మాయిలు.

అసలు మత్తు ఆ సంగీతంలోనే ఉంది. వినేవాడి కాలు దానంతటదే ఊగుతుంది. కాలు ఊగుతున్నవాడు ప్రశ్నలడగడు. ఈ కిటుకు కనిపెట్టినవాడెవడో స్టూడియోలో చల్లగా కూర్చుని, కుర్రాళ్లు చావబోయే దారికి తోరణాలు కట్టాడు. యాభై ఏళ్లు గడిచినా ఆ తోరణాల కింద నిలబడి నోరు తెరిచే ఆనందబాబులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

జైరామ్ తెరని చూడలేదు. మూల కుర్చీలో ఉన్న కూతురిని చూశాడు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం శివాంగిని వచ్చేది ఇక్కడికే. ఈ చెత్త చూసే పిల్ల చెడిపోయిందని అతనికి రూఢి అయింది.

"ఇదిగో ఇదిగో, వస్తోంది!" ఆనందబాబు కుర్చీలో ముందుకి జరిగాడు. "ఈ సీను కోసం నేను ఇరవై సార్లు చూశానండీ."

తెర మీద మిలిటరీ క్యాంపు గేటు. కోళ్ల బుట్టతో ఒక ముసలి వ్యాపారి వచ్చాడు. కాపలా సిపాయిలు ఆపారు. లోపల చెట్టు కింద బ్యాండు పాట అందుకుంది. ఒక సిపాయికి సరదా పుట్టింది. తుపాకీతో నేలవైపు చూపించాడు. ముసలివాడు గొంతుక్కూర్చుని పాటకి తగ్గట్టు గెంతడం మొదలుపెట్టాడు. బుట్ట ఒరిగింది. కోళ్లు ఎగిరాయి. క్యాంపంతా పగలబడి నవ్వింది.

ఆనందబాబు కూడా నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని నవ్వాడు.

జైరామ్ రిమోట్ అందుకుని బొత్తాం నొక్కాడు. ముసలివాడు గాలిలో ఆగిపోయాడు.

"నన్నూ ఇలాగే గెంతించారు" అన్నాడు.

ఆనందబాబు నవ్వు సగంలో తెగింది. "ఎవరండీ?"

"పేర్లడగలేదు."

మూడేళ్ల కిందటి మాట చెప్పుకొచ్చాడు. ఫిజీలో ప్రభుత్వం కూలిన రోజులు. జైరామ్ అక్కడ నాందీ పట్నంలో టాక్సీ నడిపేవాడు. ఆ సాయంత్రం కారు వెనక సీట్లో రంజన, శివాంగిని ఉన్నారు. చెరుకు తోటల మధ్య రోడ్డుకి అడ్డంగా తారు పీపాలు, తుపాకులతో నలుగురు. వాళ్ల ఒంటి మీది ఆకుపచ్చ బట్టలు ఎవరిచ్చినవో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కారంతా వెతికారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి విసుగొచ్చింది. ఒకడు కారులో టేపు పెట్టాడు. ఇంకొకడు జైరామ్ భుజం మీద తుపాకీ ఆనించి నేల చూపించాడు. పాట అయిపోయేదాకా గెంతాలి.

"కొట్టారా?" అని రూత్ అడిగింది. ఆనందబాబు భార్య ఆమె. టీ కప్పులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లేదమ్మా. వాళ్లకి కోపం కూడా లేదు. మంచి హుషారుగా ఉన్నారు, అచ్చం ఈ సిపాయిల్లాగే. చివర్లో సిగరెట్టిచ్చారు. తాగాను. థాంక్యూ అని కూడా చెప్పాను."

అక్కడితో ఊరుకుంటే ఆనందబాబుకి కాస్త గౌరవం మిగిలేది. ఊరుకోలేదు.

"అది వేరు జైరామ్‌గారూ. వాళ్లకి డిసిప్లిన్ లేదు. వీళ్లది డిసిప్లిన్ ఉన్న మిలిటరీ. పైగా ఇది కామెడీ!"

"ఈ కోళ్లవాడు ఇంటికెళ్లి ఏం చేశాడో మీ సినిమాలో ఉందా?"

"ఏం చేస్తాడండీ, కోళ్లు అమ్ముకుంటాడు."

"నెల రోజులు పెళ్లాం మొహం చూడలేడు భయ్యా. అది తీయండి సినిమా. అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వండి."

అతను లేచాడు. "పద శివాంగినీ. నీ ఆర్మీకి, ఈ సర్కస్‌కి ఒక దండం."

శివాంగిని లేవలేదు. "డాడ్, ఈ మూవీస్ చూసి నేను ఆర్మీకి వెళ్తానంటున్నా అనుకుంటున్నావా?"

"ప్రతి ఆదివారం నువ్వుండేది ఇక్కడే కదా?"

"నేను చూడను. ఆంటీని అడుగు."

రూత్ కప్పులు కింద పెట్టింది. "నిజమే అన్నయ్యగారూ. గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఈయన ప్రతి వారం తిట్టుకుంటారు, పిల్లకి టేస్ట్ లేదని."

"అక్షరాలా లేదు" అన్నాడు ఆనందబాబు.

శివాంగిని టీవీ దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. గెంతుతున్న ముసలివాడిని వదిలేసి, చెట్టు కింద బ్యాండులో వెనక వరస మీద వేలు పెట్టింది. "ఇప్పుడు ప్లే చెయ్యి డాడ్. ఈ ట్రాంబోన్ వాడి చెయ్యి చూడు."

బొమ్మ కదిలింది. ట్రాంబోన్‌కి పొడుగాటి గొట్టం ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ జరిపితేనే స్వరం మారుతుంది. స్వరాలు గబగబా ఎక్కుతూ దిగుతూ పోతున్నాయి. తెర మీది మనిషి చెయ్యి మాత్రం జరగలేదు. అంతలో వాడు వాద్యం కిందికి దించి గేటువైపు చూసి పళ్లికిలించాడు. పాట ఆగలేదు. ట్రాంబోన్ మోగుతూనే ఉంది.

"చూశావా? వాడు ఆర్టిస్టే కాదు. ఫేక్. ఊరికే పట్టుకున్నాడు. రియల్ ప్లేయర్ ఎక్కడో రూమ్‌లో కూర్చుని వాయించాడు, వాడు ఈ మూవీలో కనపడడు. ఐ కమ్ ఫర్ హిమ్. ఇలా వాయించేవాళ్ల రికార్డులు నాకెక్కడ దొరుకుతాయి?" ఆమె గొంతు తగ్గించింది. "ఈ సీన్ ఒకసారే చూశాను, ఆ తర్వాత ఇది వస్తే నేను బాత్‌రూమ్‌కి వెళ్తాను. ప్రతిసారీ, ఇవాళ తప్ప. వెనక సీట్లో నేనూ ఉన్నా కదా డాడ్."

జైరామ్ కూతురి దగ్గరికొచ్చాడు. ఇంట్లో మూడేళ్లలో ఆ సాయంత్రం గురించి ఎవరూ మాట్లాడలేదు.

"మరి అలాంటి మిలిటరీలోనే ఎందుకు చేరతావ్?"

"రోజంతా వాయించమని జీతమిచ్చే చోటు నాకింకొకటి తెలీదు. పోనీ, నీకు తెలుసా?"

తెలియదు. అతను వ్యాన్‌లో బ్రెడ్ డెలివరీ చేస్తాడు. టీవీలో క్యాంపు ఇంకా నవ్వుతూనే ఉంది. సినిమాకి మోసపోయి పోతానన్న పిల్లనైతే కాళ్లు విరగ్గొట్టైనా ఆపేవాడు. ఈ పిల్ల ఆ సినిమాని అతనికన్నా ఎక్కువ అసహ్యించుకుంటోంది. ఆపడానికి అతని దగ్గర కారణం మిగల్లేదు. భయం మిగిలింది, అంతే.

"ఒకమాట చెప్పు" అన్నాడు. "నువ్వు ఆ చెట్టు కింద ఉన్నావనుకో. గేటు దగ్గర ఎవడినో గెంతిస్తున్నారు, నీ పాటకి. అప్పుడేం చేస్తావ్?"

"ఆపేస్తాను."

"నువ్వు ఆపితే వాళ్లే చప్పట్లు కొట్టి గెంతిస్తారు. నాకు తెలుసు. నా టేపు మధ్యలో ఇరుక్కుంటే అదే చేశారు."

శివాంగిని తల వంచుకుని ఆలోచించింది. సంగీతం తెలిసినవాళ్లు లెక్క వేసుకునేటప్పుడు కదిలినట్టు ఆమె వేళ్లు మోకాలి మీద కదిలాయి.

"తాళం తప్పిస్తాను" అంది చివరికి. "ఒక బీట్ ముందు, ఒక బీట్ వెనక. ఎవరూ దానికి గెంతలేరు. చప్పట్లు కూడా కలవవు."

"నీ మీద అరుస్తారు."

"అరవనీ."

"ఉద్యోగం పోతుంది."

"పోనీ, డాడ్."

"అయ్యో, పెన్షన్ ఉన్న జాబ్ అమ్మా అది!" అన్నాడు ఆనందబాబు.

జైరామ్ అతనివైపు తిరిగాడు. ఆ మనిషికి మాటలు ఖర్చు పెట్టడం దండగ అనుకున్నాడు. రిమోట్‌తో టీవీ కట్టేశాడు. కర్టెన్ ఒకటి పక్కకి లాగాడు. ఎండకి ఆనందబాబు కళ్లు చికిలించుకున్నాడు.

"రేపు పొద్దున నేనే వస్తాను నీతో" అని కూతురికి చెప్పాడు. "సంతకం వాళ్ల ముందే పెడతాను. ఇంటికెళ్లి ట్రాంబోన్ తియ్యి ముందు. ఆ తప్పు తాళం నాకు వినిపించు."

"ఇట్స్ రియల్లీ హార్డ్, డాడ్. సరిగ్గా వాయించడం ఈజీ."

"కష్టమైతే ఇవాళ్టి నుంచే నేర్చుకో" అని జైరామ్ చెప్పులు వేసుకున్నాడు.