తలుపు పగలగొట్టిన నేరం

వాసన ముందు శౌరమ్మకే తగిలింది.

భోజనాల బెల్లుకి ఇంకా పావుగంట ఉంది. కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న ఆ రొయ్యల కంపెనీలో, పీలింగ్ హాల్లో, డెబ్భై ముగ్గురు ఆడవాళ్లు స్టీలు బల్లల ముందు నిలబడి రొయ్యల తలలు తుంచుతున్నారు. ఐసు నీళ్లలో నానిన వేళ్లకి స్పర్శ తెలియదు. ముక్కుకి నీచు తప్ప మరో వాసన అందదు. అలాంటిది ఆవేళ ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. కళ్లు భగ్గున మండాయి. ఫ్రీజర్ల వైపు నుంచి తెల్లటి పొగ నేలబారున పాక్కుంటూ వస్తోంది.

"అమోనియా," అంది పక్క బల్ల దగ్గరున్న మాణిక్యమ్మ. పదకొండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆ ఒక్క మాట అని దగ్గులో పడిపోయింది.

ముందు తలుపు ఫ్రీజర్ల పక్కనే ఉంది. అందరూ వెనక తలుపుకి పరిగెత్తారు. తడి నేల మీద బూట్లు జారాయి, టబ్బులు బోర్లా పడ్డాయి. వెనక తలుపుకి బయట నుంచి తాళం. మంచినీళ్లకనీ బాత్రూముకనీ ఆడవాళ్లు మాటిమాటికీ లేచిపోతున్నారని ప్రొడక్షన్ మేనేజరు సిద్ధార్థ నెల కిందట వేయించిన తాళం అది. చేతులతో బాదారు. టబ్బులతో బాదారు. పనిలో చేరి రెండు నెలలు కూడా కాని రుచిత అనే పిల్ల తలుపు మొదట్లోనే కూలబడింది.

అప్పుడు అవతల నుంచి ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు. కొక్కెం ఊడి పడింది. గునపం చేత్తో పట్టుకుని, మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని, సెక్యూరిటీ ఆఫీసరు నతానియేలు నిలబడి ఉన్నాడు. అందర్నీ బయటికి తోసి, తను లోపలికి వెళ్లాడు. బల్లల మధ్య పడిపోయిన మాణిక్యమ్మని భుజాన వేసుకుని తెచ్చాడు.

మాణిక్యమ్మ, రుచిత ఆసుపత్రిలో పడ్డారు. మిగతావాళ్లు రెండు రోజులు కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ ఇళ్లల్లో ఉన్నారు. మూడో రోజు పేపర్లో కంపెనీ ప్రకటన వచ్చింది. గ్యాసు లీకవలేదు, నేల కడిగే మందు ఘాటుకి కొందరికి కళ్లు తిరిగాయి, అంతే అని. తొమ్మిదో రోజు నతానియేలుని సస్పెండ్ చేసి, నేరాలు మోపుతూ ఛార్జిమెమో ఇచ్చారు. అందరూ చూడాలని ఒక కాపీ నోటీసు బోర్డుకి అంటించారు.

*

ఆ సాయంత్రం పనివాళ్లుండే పేటలో, మాణిక్యమ్మ ఇంటి ముందు పాతికమంది ఆడవాళ్లు కూడారు. మాణిక్యమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆమె కూతురు డయానా విజయవాడలో లా చదువుతోంది. నోటీసు బోర్డు మీది కాగితాన్ని సెల్‌లో ఫొటో తీసుకొచ్చింది.

"ఆయన కోసం మనమెందుకమ్మా ఎగబడాలి?" అంది వెంకటరత్నమ్మ. "ఆఫీసర్లూ ఆఫీసర్లూ తన్నుకుంటున్నారు. మధ్యలో మన పొట్ట కొడతారు."

శౌరమ్మ మనసులో వేరే సంగతి ఉంది. కిందటేడు డ్యూటీ దిగి వస్తుంటే ఇదే నతానియేలు గేటు దగ్గర ఆమెని ఆపాడు. లారీ డ్రైవర్లు చూస్తుండగా, "కొప్పు విప్పు. రొయ్యలు దాచావేమో చూడాలి," అన్నాడు. ఆమె విప్పింది. ఏమీ రాలలేదు. తల ముడుచుకుంటుంటే ఒక డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ప్రాణం కాపాడింది ఆ చేతులే, పరువు తీసిందీ ఆ చేతులే. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో ఆమెకి తేలడం లేదు.

అంతలో మోపెడ్ చప్పుడైంది. నతానియేలు దిగాడు. యూనిఫాం లేకుండా ఆయన్ని వాళ్లెవరూ చూడలేదు. గళ్ల చొక్కాలో పొలం నుంచి వచ్చిన ముసలాయనలా ఉన్నాడు. కుర్చీ ఎవరూ వేయలేదు. ఆయన అడగలేదు.

"ఒక మాట చెప్పి పోదామని వచ్చాను," అన్నాడు.

"చెప్పండి," అంది శౌరమ్మ. "కొప్పులేమైనా విప్పమంటారా?"

నతానియేలు తల వంచుకోలేదు, ఆమె వైపే చూశాడు.

"ఆరోజు నేను చేసింది తప్పు, శౌరమ్మగారూ. ఆ వెనక తలుపుకి తాళం పెట్టింది కూడా నేనే. మేనేజరు వెయ్యమన్నాడు, వేసి తాళంచెవి ఆయనకే ఇచ్చాను. కాగితం మీద రాసివ్వమని కూడా అడగలేదు. పదిహేడేళ్లు మిలిటరీలో, పద్దెనిమిదేళ్లు ఇక్కడ, చెప్పింది చెయ్యడమే నా పనైపోయింది. మా నాన్న ఈ కాలవ కింద పొలాల్లోనే కూలికెళ్లేవాడు. ఆఫీసరు టోపీ పెట్టాక అది మర్చిపోయాను."

"సరే. ఇప్పుడు మమ్మల్ని ఏం చెయ్యమంటారు?"

జవాబు డయానా చెప్పింది. సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని చదివింది. "ఒకటో నేరం, అనుమతి లేకుండా తలుపు పగలగొట్టడం. మూడోది, బయటివాళ్లని లోపలికి రానివ్వడం. అంటే అంబులెన్సు వాళ్లని. నాలుగోది, పై అధికారి మాట వినకపోవడం. వీటి సంగతలా ఉంచండి. రెండోది వినండి. గ్యాసు లీకు కాకపోయినా అయిందని చెప్పి పనివాళ్లని భయపెట్టాడట. ఈయన తప్పు చేశాడని విచారణలో తేల్చారనుకోండి, గ్యాసు లీకవలేదని తేల్చినట్టే కదా. ఇక మా అమ్మ ఊపిరితిత్తులు వాటంతటవే కాలినట్టు. రుచిత ఉత్తినే పడినట్టు. రేపు మళ్లీ లీకైతే ఆ తలుపు ఎవడు తీస్తాడు?"

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మొన్న జీయం, అదే జనరల్ మేనేజరు, పిలిచాడు," అన్నాడు నతానియేలు. "గ్యాసు లీకవలేదని నాలుగు లైన్లు రాసిచ్చి రాజీనామా చేస్తే ఈ నేరాలన్నీ ఎత్తేస్తామన్నాడు. మర్యాదగా ఇంటికి పొమ్మన్నాడు. రాయనని చెప్పొచ్చాను."

"రేపు రాసివ్వరని ఏంటండీ నమ్మకం?" వెంకటరత్నమ్మ నిలదీసింది.

"ఏమీ లేదు. అందుకే వచ్చాను. విచారణకి తోటి ఉద్యోగిని ఒకరిని సాయం తెచ్చుకోవచ్చని నోటీసులో ఉంది. ఆఫీసులో ఒక్కడూ రానన్నాడు. మీలో ఎవరైనా నా పక్కన కూర్చోండి."

శౌరమ్మ లేచింది.

"నేనొస్తాను. మీ మీద నమ్మకంతో కాదు. అక్కడ ఏం సంతకం పెడతారో నా కళ్లతో చూడ్డానికి."

*

విచారణ విజయవాడ పటమటలోని హెడ్డాఫీసులో, మూడో అంతస్తులో. ఆరోజు రొయ్యల హాల్లో ఒక్క బల్ల ముందూ మనిషి లేదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, భయపడి పని మానేసినవాళ్లు పోగా మిగిలిన యాభై ఎనిమిది మందీ సిటీ బస్సులెక్కి పటమటలో దిగారు. పక్క మేడ హాస్టలు పిల్లలు పుస్తకాలు చేత్తో పట్టుకునే బాల్కనీల్లోంచి తొంగి చూశారు. ఆటోవాళ్లు బళ్లు ఆపి సంగతేంటని అడిగారు. అడిగిన ప్రతివాడికీ వెంకటరత్నమ్మ మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

పైన ఏసీ గదిలో విచారణాధికారి రామకోటేశ్వరరావు కూర్చున్నాడు. పేరున్న లాయరు. ఆయన పక్క కుర్చీలోనే మేనేజరు సిద్ధార్థ. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నారు.

"ఎవరీవిడ?" అన్నాడు రామకోటేశ్వరరావు, శౌరమ్మని చూసి.

"నాకు సాయంగా వచ్చిన తోటి ఉద్యోగిని అండి," అన్నాడు నతానియేలు.

"ఉద్యోగినా?" సిద్ధార్థ కాగితాలు తిప్పాడు. "ఈవిడ కంపెనీ మనిషి కాదండీ. కాంట్రాక్టరు మనిషి."

శౌరమ్మ నిలబడే జవాబిచ్చింది. "ఎనిమిదేళ్లుగా నేను ఒలిచిన రొయ్యలు కాంట్రాక్టరు ఇంట్లో కూరొండుకున్నారాండీ? ఓడెక్కి దేశాలు పోయింది కంపెనీ పేరుతో కాదా?"

రామకోటేశ్వరరావు విసుగ్గా చెయ్యి ఊపాడు. "కూర్చోనివ్వండి. తొందరగా కానిద్దాం. మొదటి సాక్షి సిద్ధార్థగారు."

నతానియేలు లేచాడు. మిలిటరీవాడిలా నిటారుగా నిలబడ్డాడు. "సాక్షిని పిలిచేముందు నా అభ్యంతరం వినండి. తాళం వెయ్యమని నాకు చెప్పిన మనిషే మొదటి సాక్షా? ఫ్రీజర్లు చూసుకునే ఇంజనీరుకి మెమో లేదు. ప్లాంటు మేనేజరుకి మెమో లేదు. మనుషుల్ని బయటికి తెచ్చినవాడికి మాత్రం ఉంది. అదెందుకో ఇందులో ఎక్కడా రాయలేదు."

"అవన్నీ తర్వాత. ముందు మీరు తప్పు ఒప్పుకుంటున్నారా, లేదా?"

శౌరమ్మ కొంగుముడి విప్పి, డయానా ఇచ్చిన పేపరు ముక్క బల్లమీద పరిచింది. ఆమె చదివింది ఐదో తరగతి. ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివింది. "గ్యాసు లీకవలేదని, సెక్యూరిటీ ఆఫీసరు బాధ్యతారాహిత్యం వల్లనే గందరగోళం జరిగిందని, కంపెనీ న్యాయ సలహాదారు... రామకోటేశ్వరరావు... తెలిపారు." తలెత్తింది. "ఈ రామకోటేశ్వరరావు మీరేనాండీ?"

రామకోటేశ్వరరావు కాఫీ కప్పు కింద పెట్టాడు.

"అది వేరే హోదాలో చెప్పిన మాట," అన్నాడాయన.

"నోరు ఒకటే కదండీ. ఇంకా మమ్మల్నెవర్నీ అడక్కముందే ఈయన తప్పు చేశాడని పేపరోళ్లకి చెప్పేశారు. ఇక ఇవాళ తేల్చేదేముంది?"

నతానియేలు ముందే రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. విచారణాధికారి పక్షపాతి అని, ఆయన్ని మార్చాలని, ఆ రోజు హాల్లో ఉన్న పనివాళ్లందరినీ సాక్షులుగా పిలవాలని అందులో ఉంది. రామకోటేశ్వరరావు దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

"తీసుకోను. రికార్డులోకి ఎక్కదు. మీరు వెళ్లిపోయినా సరే, మీరు లేకుండానే విచారణ పూర్తి చేస్తాను."

"మీ రికార్డులోకి ఎక్కకపోతే బజార్లో ఎక్కిస్తాం," అంది శౌరమ్మ. కాగితం తీసుకుని మెట్లు దిగింది. వెనకే నతానియేలు.

కింద పేవ్‌మెంటు మీద నిలబడి ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఈసారి తడబడలేదు. చదవడం అయ్యాక వెంకటరత్నమ్మ ముందుకొచ్చింది. "నేను ఆరోజు హాల్లో ఉన్నాను. గ్యాసు లీకైంది. నా కళ్లతో చూశాను," అని చెప్పి కాగితం వెనక సంతకం పెట్టింది. తర్వాత ఇంకొకామె. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ప్రతి ఒక్కరూ పేరు చెప్పి, గ్యాసు లీకైంది అని గట్టిగా అని మరీ వేశారు. ఇరవయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి బాల్కనీల్లో పిల్లలు కూడా ఆమెతోపాటు ఆ మాట అనడం మొదలుపెట్టారు.

నలభై మంది పెట్టడం అయ్యాక పోలీసు జీపు వచ్చింది.

"పర్మిషన్ ఉందా? లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

"లీడరు లేడండి," అన్నాడు నతానియేలు. "సాక్షులున్నారు."

ఎస్సై ఆయన్నీ శౌరమ్మనీ జీపెక్కించాడు. ఎక్కేముందు శౌరమ్మ కాగితాన్ని డయానా చేతిలో పెట్టింది. "ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. అందరిచేతా పెట్టించి లేబరాఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకో."

స్టేషన్లో సాయంత్రం దాకా ఒకే బల్లమీద కూర్చున్నారిద్దరూ. మంచినీళ్ల సీసా వస్తే నతానియేలు ముందు ఆమెకిచ్చాడు.

"సంతకం పెట్టలేదు మీరు," అంది శౌరమ్మ.

"ఎక్కడ?"

"వాళ్లు పెట్టమన్నచోట."

ఆయన చిన్నగా నవ్వాడు. ఆమె నవ్వలేదు గాని, "అన్నా, తాగు ముందు నువ్వు," అని సీసా తిరిగి ఆయన చేతికిచ్చింది. సొంత పూచీకత్తు మీద వాళ్లని వదిలిపెట్టేసరికి లేబరాఫీసు ముద్ర వేసిన కాపీతో డయానా గేటు దగ్గర నిలబడి ఉంది.

*

మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు పేట మొదట్లో ఆగింది. ఎప్పటిలా ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు, కానీ చేతుల్లో టిఫిన్ డబ్బాలు లేవు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు.

బస్సులోంచి సిద్ధార్థ దిగాడు. ఆయన పేటలోకి రావడం అదే మొదటిసారి. మొహం కందిపోయి ఉంది.

"చూడండమ్మా, రాత్రి నాలుగు లారీల సరుకు దిగింది. ఐసు కరిగిపోతోంది. మీరడిగినట్టే విచారణాధికారిని మారుస్తామని జీయంగారు చెప్పమన్నారు. ఇక ఎక్కండి."

ఆ మాటకి రెండు మూడు మొహాలు విచ్చుకున్నాయి. ఒకామె అడుగు ముందుకేసింది కూడా. శౌరమ్మ ఆమెని ఆపలేదు. సిద్ధార్థనే అడిగింది.

"గ్యాసు లీకైందని రాసిచ్చారాండీ జీయంగారు?"

"అది విచారణలో తేలుతుంది."

"తాళం మీరు వెయ్యమన్నారని మీరు రాసిస్తారా?"

సిద్ధార్థ బస్సు వైపు తిరిగాడు.

"నతానియేలన్న ఇంకా సస్పెన్షన్లోనే ఉన్నాడు. మాణిక్యమ్మ ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది. మీరు మార్చేది ఒక లాయర్నండీ. ఆ రెండు మాటలూ కాగితం మీద పెట్టి తీసుకురండి. ఎక్కుతాం."

ముందుకేసిన అడుగు వెనక్కి వచ్చింది. ఆమె శౌరమ్మ పక్కన నిలబడింది.

"మీరు కాకపోతే పక్క ఊళ్ల నుంచి తెచ్చుకుంటాం," అన్నాడు సిద్ధార్థ. బస్సెక్కి తలుపు లాగాడు. బస్సు మలుపు తిరిగేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు. ఎంత ధైర్యంగా మాట్లాడినా అందరి గుండెల్లోనూ ఒకటే భయం. పక్క ఊళ్లవాళ్లు ఎక్కేస్తే?

పావుగంట తర్వాత డయానా ఫోన్ మోగింది. స్పీకరు పెట్టింది. అవతల కాలవ గట్టు ఊరినుంచి ఒక ఆడగొంతు, ఊపిరి ఎగబీలుస్తూ అంది.

"ఏమ్మా, మీ బస్సు ఇక్కడికి ఖాళీగా వచ్చింది. ఇక్కణ్ణుంచీ ఖాళీగానే పోయింది. ఆ కాగితమేదో మా ఊరికి కూడా పంపించండి. మేమూ పెడతాం సంతకాలు."