శనివారం జడ

వర్నీస్‌ని రెండుసార్లు రాకెట్టులో వెల్లకిలా పడుకోబెట్టి, గంటల తరబడి అలాగే ఉంచి, చివరికి దింపేశారు. మొదటిసారి ఏదో గొట్టం కారుతోందన్నారు, రెండోసారి మబ్బు పట్టిందన్నారు. వీపు ఇంకా పట్టేసే ఉంది. పైకి వెళ్లడం కంటే వెళ్లకుండా ఎదురుచూడటమే ఒళ్లు హూనం చేస్తోంది.

ఇన్నాళ్లూ ఆమె ఇంట్లోవాళ్లెవరినీ ముట్టుకోలేదు. ఎగరబోయేవాళ్లకి జలుబు సోకకూడదు. పైన ముక్కు కారదు, అంతా తలలోనే నిలిచిపోతుంది. అందుకని వాళ్లని విడిగా ఉంచుతారు. ఎగిరే ముందురోజు సాయంత్రం మాత్రం ఇంటివాళ్లని తెచ్చి, వీళ్లకీ వాళ్లకీ మధ్యనున్న గుంటకి అవతల, పసుపు తాడు వెనక నిలబెడతారు. చెయ్యూపుకోవచ్చు, అరిచి మాట్లాడుకోవచ్చు. అంతే.

ఇది మూడో సాయంత్రం. అవతల అమ్మ లూసిండా చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీతో నిలబడింది. పక్కన ఐదేళ్ల నయీమా. పిల్ల జుట్టు ఉండలు కట్టి, ఒకవైపు అణిగిపోయి ఉంది.

“దాని తలేంటమ్మా అలా ఉంది?”

“నన్నడుగుతావేం, నీ కూతుర్నడుగు!” అంది లూసిండా. “దువ్వెన చూస్తే మంచం కిందికి దూరుతోంది. పక్కింటి యూలా బతిమాలబోతే చెయ్యి కొరికింది. చర్చిలో అందరూ నన్నే చూస్తున్నారు, మనవరాల్ని గాలికొదిలేసిందని.”

“అమ్మే వెయ్యాలి!” నయీమా అరిచి, దగ్గింది.

శనివారం సాయంత్రం వాళ్లింట్లో జడల వేళ. అలబామాలో వరండా మెట్ల మీద లూసిండా మోకాళ్ల మధ్య కూర్చునే వర్నీస్ పెరిగింది. ఎంత శిక్షణ ఉన్నా ఆ వేళకి ఇల్లు చేరి, నూనె గిన్నె పక్కన పెట్టుకుని పిల్లని ఒళ్లోకి లాక్కునేది. పైనుంచి తిరిగొచ్చాక వేస్తానని ఈమధ్య రెండుసార్లు మాటిచ్చింది.

నయీమా తాడు కింద నుంచి దూరి గుంటలోకి జారి, పైకి పాకడం మొదలుపెట్టింది.

“పాపని ఆపండి! దగ్గుతోంది!” ఇవతల కాపలా ఉన్న డాక్టరు కేకేశాడు.

ముట్టుకుంటే సీటు పోతుంది. ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడు. నల్లజాతి ఆడవాళ్లు పైకి వెళ్లడం వేళ్ల మీద లెక్కపెట్టేంత కూడా లేని రోజులు. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో. వర్నీస్ చేతులు వాటంతటవే ముందుకి సాగాయి. అడుగులు మాత్రం వెనక్కి పడ్డాయి.

పిల్ల ఇవతలి గట్టు మీదే ఆగిపోయింది. చెంపదెబ్బ తిన్నట్టు చూసింది.

వర్నీస్ అక్కడే గడ్డిలో చతికిలబడింది. “నయీమా, ఇవాళేం వారం?”

“…శనివారం.”

“మరి వెనక్కెళ్లి అవతలి గట్టు మీద కూర్చో. చేతులు అమ్మమ్మవి, వేసేది నేను.”

“ఈ మట్టిలోనా? చర్చి గౌనుతోనా?” లూసిండా నడుం పట్టుకుంది. “నేను కూలబడితే లేపడానికి మీ రాకెట్టే రావాలే!”

“డాక్టరుగారు లేపుతార్లే.”

డాక్టరు గడియారం చూసుకుని మొహం అటు తిప్పుకున్నాడు. లూసిండా మూలుగుతూ కూర్చుని, వెనక్కి వచ్చిన పిల్లని మోకాళ్ల మధ్యకి లాక్కుని, సంచిలోంచి దువ్వెన తీసింది.

“పాపిడి వంకర పోతోందమ్మా, ఎడమకి జరుపు.”

“నీకు పాపిడి తీసిన చెయ్యే ఇది!”

“అందుకేగా నా భయం.”

ఇవతల వర్నీస్ వేళ్లు గాల్లో పాయల్ని ఒకదాని మీదుగా ఒకటి వేస్తున్నాయి. నయీమా ఏడుపు మింగి ఆ వేళ్లనే చూసింది. ఒక జడ పూర్తయ్యేసరికి డాక్టరు లేవమన్నాడు.

“రేపు కూడా దింపేస్తే?” పిల్ల అడిగింది.

“మళ్లీ ఇక్కడే కూర్చుందాం. రెండోది వేద్దాం.”

“దింపేస్తే బాగుండు.”

వర్నీస్ లేచి చెయ్యూపింది. లోపలికి నడుస్తూ వేళ్లు చూసుకుంది. నూనె అంటలేదు.