తెరుచుకోని మెనూ

నాకు పొగరెక్కువ. దానికి శిక్ష మాత్రం డోన్ ఎలెయుతేరియోకు పడింది.

ఆ ఏడు పరానా నది మా ఊరిని ముంచినప్పుడు, శిబిరాల్లో ఉన్నవాళ్ళ పేర్లు చూపించే వెబ్‌సైటు చేసింది నేనే. పైన ‘శిబిరాలు’ అని ఉంటుంది. దాని మీద మౌస్ పెడితే చాలు, కిందికి ఇరవై రెండు శిబిరాల పేర్లు జారతాయి. ఒక పేరు నొక్కితే అక్కడున్న మనుషుల జాబితా వస్తుంది. స్క్రిప్టు అనే ప్రోగ్రాము ఏమీ లేకుండా, పేజీ రూపు దిద్దే సీఎస్సెస్ భాషలోని ఒక్క లైను సెలెక్టర్‌తో ఇదంతా చేశానని మురిసిపోయాను.

నాతో పనిచేసే ఫాబ్రీసియో గొట్టంతో మాతే టీ చప్పరిస్తూ అడిగాడు.

"పాత బ్రౌజర్లో చూశావా నెలీదా? మౌస్ లింకు మీద పెడితేనే అది ఆ పెట్టడాన్ని, అంటే హోవర్‌ని పట్టించుకుంటుంది. నువ్వు లిస్టు ఐటమ్‌కి రాశావు, అందులో మెనూ జారదు."

"ఆ ముసలిదాన్ని ఇంకా ఎవడు వాడతాడోయ్?"

"ఇంటర్నెట్ సెంటర్లో అందరూ అదే, మహారాణీ!"

"సర్లే, రేపు చూస్తాలే."

ఆ రేపు రాకుండానే ఆరు రోజులు గడిచాయి.

డోన్ ఎలెయుతేరియో మా వీధి మంగలి. వరదలో ఆయన్ని ఒక పడవ ఎక్కించారు, భార్య ఎర్మీనియాను ఇంకో పడవ ఎక్కించారు. ఫోన్లు పనిచేయలేదు. కాళ్ళీడ్చుకుంటూ నాలుగు శిబిరాలు తిరిగాడు. తర్వాత రోజూ ఇంటర్నెట్ సెంటర్లో నా వెబ్‌సైటు ముందు కూర్చున్నాడు.

ఏడో రోజు ఎవరో నా దగ్గరికి పంపారు. నా కంప్యూటర్లో తనే మౌస్ పట్టుకున్నాడు. మెనూ జారింది. ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. తొమ్మిదోది రైల్వే క్లబ్బులోని శిబిరం. అందులో ఎర్మీనియా పేరుంది. పక్కన, వందల పేర్లతోపాటు నేను చూడకుండానే ఎక్కించిన మాటలున్నాయి: న్యుమోనియా, మరణించారు. తేదీ నిన్నటిది.

ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"క్లబ్బు పది వీధుల అవతలేగా, అమ్మాయీ. ఇంటర్నెట్ సెంటర్లో ఈ పేర్లు నాకు రాలేదు. నాకు మౌస్ పట్టడం చేతకావట్లేదనుకున్నా. కత్తెర పట్టే మొద్దు చేతులు కదా."

"మీ చేతులు కాదు తాతా. తప్పు నాది. నేనే సరిగ్గా రాయలేదు." గుండె పగిలి ఏడ్చాను.

ఆయన విన్నాడో లేదో తెలియదు. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, పైనున్న ‘శిబిరాలు’ మీద మౌస్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పెట్టినప్పుడల్లా మెనూ జారింది.

"ఇలాగే పెట్టానమ్మా," అన్నాడు. "రోజూ సరిగ్గా ఇలాగే పెట్టాను."

ఆయన వెళ్ళాక పాత బ్రౌజర్ కోసం నాలుగు లైన్ల స్క్రిప్టు చేర్చాను. పది నిమిషాలు పట్టింది.