వదిన పేరు మీదే అంతా

పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, నూనె డ్రమ్ముల మూతలు తుడిచి, కాస్టిక్ నీళ్ళు చల్లారాయో లేదో చూసుకుని చిన్నమ్మ పనిలోకి దిగేసరికి వదిన వచ్చేసి ఉండేది. చచ్చిపోయి ఎనిమిది నెలలైనా ఆవిడకి ఒక్కరోజు నాగా లేదు. ఏప్రాన్ కట్టుకుని పెద్ద తొట్టి పక్కన నిలబడేది. ఏదీ పట్టుకోదు, ఎవరితోనూ మాట్లాడదు. ఆవిడ చుట్టూ రెండడుగుల మేర మాత్రం చల్లగా ఉండేది. సబ్బు జావలా చిక్కబడి, అచ్చుల్లో పోసే పదును రాగానే తల ఊపేది. పనివాళ్ళు పోసేసేవాళ్ళు. సబ్బు కొయ్యడానికి కొత్తగా చేరిన మనిషి ఒక్కతే అడిగింది, "ఆవిడకి టీ పొయ్యాలా అమ్మా?" అని.

"వద్దులే, తాగదు," అంది చిన్నమ్మ.

వదినంటే చిన్నమ్మ సొంత అన్న భార్య. ఇద్దరూ కలిసి పదకొండేళ్ళ కిందట ఈ సబ్బుల పని మొదలుపెట్టారు. పనివాళ్ళకి ఒకరు పెద్దమ్మ, ఒకరు చిన్నమ్మ. లైసెన్సుకి వెళ్ళాల్సిన రోజున చిన్నమ్మకి జ్వరం. "ప్రస్తుతానికి నా పేరు రాయించానే, నీది తర్వాత ఎక్కిద్దాం," అంది వదిన. ఆ తర్వాత షెడ్డు అద్దె కాగితం, సబ్బు పేరు రిజిస్ట్రేషను, అన్నీ అదే దారి పట్టాయి. ఎప్పుడైనా గుర్తుచేస్తే, "మన మధ్య కాగితాలేమిటే పిచ్చిమొహమా! నేనెక్కడికి పోతాను?" అనేది. పాపం, ఇచ్చిన మాట ప్రకారం ఎక్కడికీ పోలేదు.

కానీ కాగితాల ప్రకారం పోయింది. దాంతో అంతా అన్నయ్యది అయిపోయింది.

ఒకరోజు ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. రిటైరైన లెక్కల మాస్టారు, మాట ఎప్పుడూ సూటిగా ఉంటుంది. "అమ్మేస్తున్నాను. పేరు, షెడ్డు అద్దె కాగితం, తొట్లు, అన్నీ. కొనేవాడు శుక్రవారం వస్తాడు."

చిన్నమ్మ తొట్టి వదిలి ఎదురొచ్చింది. "మరి నా సంగతేంటి అన్నయ్యా? పదకొండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నాను."

"కాదన్నానా? కాగితంలో నీ పేరెక్కడుందో చూపించు."

"కాగితమెందుకు, వదిన ఎదురుగానే ఉందిగా. అడుగు!"

వదిన తల దించుకుంది. అన్నయ్య అటు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ప్లీడరు అంతా విని నిట్టూర్చాడు. "చేతులు కాలాక వచ్చారు. పోయినవాళ్ళ సంతకం చెల్లదమ్మా, రోజూ పనిలోకి వచ్చినా సరే చెల్లదు." అయినా దయగల మనిషి. లైసెన్సులో, పేరులో, అద్దెలో, అన్నిట్లో సగం ఆమెకు రాసిస్తున్నట్టు ఒక ఒప్పందం టైపు చేయించి ఇచ్చాడు. "మీ అన్నగారు ఇష్టపడి సంతకం పెడితే గట్టెక్కుతారు. సాక్షులు ఇద్దరుండాలి. నోటిమాటతో మాత్రం సరిపెట్టుకోకండి."

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద రెండు కంచాలు, ఒక దాంట్లోనే అన్నం.

"తలుపు తీసుంచావేం అన్నయ్యా?"

"ఎనిమిది నెలల్నుంచీ తీసే ఉంచాను." ఆయన ఖాళీ కంచం సరిగ్గా జరిపాడు. "ఒక్కసారి ఇటు రాలేదే! పదకొండేళ్ళు అది కాపురం చేసింది నాతోనా, ఆ తొట్టితోనా? షెడ్డే లేకపోతే ఇంకెక్కడికి పోతుంది చెప్పు? ఇంటికే వస్తుంది కదా."

కాగితం సంచిలోంచి బయటికి తియ్యడానికి చిన్నమ్మకి చెయ్యి రాలేదు. దారంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ వదిన తన దగ్గరికే వస్తోందని లోలోపల ఎంత మురిసిపోయిందో ఆమెకి తెలుసు మరి.

శుక్రవారం పొద్దున్న తొట్టి కలుపుతూ మెల్లిగా చెప్పింది. "వదినా, అన్నయ్య తలుపు వేసుకోవట్లేదు. నీ కంచం కూడా పెడుతున్నాడు."

వదిన కదల్లేదు. సబ్బు చిక్కబడింది, పదును దాటింది, గట్టిపడింది. ఆవిడ తల ఊపనేలేదు. పదకొండేళ్ళలో ఒక తొట్టి పాడవడం అదే మొదలు. పనివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

ఇంతలో అన్నయ్య, కొనే ఆయన వచ్చారు. కాగితాలు బల్ల మీద పరిచారు. అన్నయ్య కలం తీశాడు. అప్పుడు వదిన ఏప్రాన్ ముడి విప్పింది. తొట్టి వదిలేసి నడుచుకుంటూ వచ్చి మొగుడి పక్కన నిలబడింది. షెడ్డు మొత్తం చల్లబడిపోయింది.

అన్నయ్య కలం మూత పెట్టేశాడు. "ఇంటికేనా?"

ఆవిడ తల ఊపింది.

కొనే ఆయన కాగితాలు చప్పుడు చెయ్యకుండా మడుచుకున్నాడు. అన్నయ్య కళ్ళు తుడుచుకుని, "అమ్మనులేవే చెల్లీ. షెడ్డు నీదే, ఏలుకో. నా మాట," అంటూ గుమ్మం వైపు తిరిగాడు. వదిన అప్పటికే గుమ్మం దగ్గరుంది, ఒక కాలు బయట పెట్టి.

"ఆగన్నయ్యా." చిన్నమ్మ సంచిలోంచి ఒప్పందం తీసింది. "ఇది చదివి సంతకం పెట్టి వెళ్ళు."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. వదిన మాట మీదా ఉండేది."

ఆయన కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. సబ్బులు కోసే మనిషి ఒక సాక్షి. "మీరూ ఒక చెయ్యి వెయ్యండి బాబూ, ఎలాగూ వచ్చారు," అని చిన్నమ్మ అంటే కొనే ఆయన రెండో సాక్షిగా నిలబడ్డాడు. గుమ్మంలో వదిన ఆగి చూస్తోంది. చిన్నమ్మ చూపు ఆవిడ మీదే ఉంది. మళ్ళీ ఈ మొహం ఈ షెడ్డులో కనపడదని అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి.

అన్నయ్య ఒక్కో వాక్యం పైకి చదివాడు. రెండు పేజీలే. చదవడం అయిపోయింది, కలం మూత తీశాడు.

"ఇంకొక్కసారి చదువన్నయ్యా," అంది చిన్నమ్మ. "మెల్లిగా."